రాజ్యక్రీడలో ప్రజాగణనము

ఫిలిప్ తిబో అను ఫ్రెంచివాడు 1993లో బల్లపై ఆడుటకు రూపొందించిన ‘యూరోపా యూనివర్సాలిస్’ అను రాజ్యక్రీడను స్వీడను దేశపు పారడాక్స్ సంస్థ 2000లో కంప్యూటరున కెక్కించెను. 2013లో వెలువడిన దాని నాలుగవ అవతారమున కథ వర్నా యుద్ధము ముగిసిన మరునాడు, అనగా 1444 నవంబరు 11న, ఆరంభమగును. అందు రాజు ప్రజ్ఞననుసరించి నెలనెలా సమకూరు అంకెలను వెచ్చించినంతనే సీమలు వృద్ధిపొందుట కొందఱు చరిత్రాభిమానులకు రుచింపలేదు. క్షణములో మామిడిచెట్టు మొలిపించుట గారడివానికి చెల్లును గాని మంత్రికి చెల్లునా?

వారు స్వచ్ఛందముగా నిర్మించిన ‘మెయు అండ్ టాక్సెస్’ అను మాడ్ (మూలక్రీడను మార్చు చేర్పు), కథారంభమును ప్వాతియే యుద్ధమున ఫ్రెంచిరాజు జాన్ ఆంగ్లేయులకు బందీయైన 1356వ సంవత్సరమునకు జరిపి, ప్రతి సీమయందును పల్లెజనులను, పట్టణజనులను వేర్వేరుగ లెక్కించి, ప్రభువర్గమును, మతాధికారులను, వర్తకులను రాజేచ్ఛకు పగ్గములుగా నిలిపెను. మనకది హరిహరుని అనంతరము బుక్కరాయలు విజయనగర సింహాసనమెక్కిన కాలము. ఇంతటి గణనభారమునకు కంప్యూటరులు మందగించెడివి. నా దృష్టిలో ఆ మాంద్యము సహింపదగినదే. 2025లో వెలువడిన అయిదవ ‘యూరోపా యూనివర్సాలిస్’ 1337లో ఆరంభమగుచు, జనసంఖ్యనే ఆధారముగ గైకొన్నది.