ఆకాశం నిర్మలం.. అల మాత్రం భయంకరం! తాహితి ‘చోపూ’లో అలల అంచనా ఎలా చదవాలి?

పైన నీలాకాశం, కొండల మీద ఎండ, గాలి కూడా పెద్దగా లేదు. కానీ ఎదురుగా మాత్రం ఇల్లంత ఎత్తున అల లేస్తోంది. తాహితి ద్వీపంలోని తేహుపో తీరంలో ఇలాంటి రోజులు మామూలే. 2024 పారిస్ ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలు జరిగింది ఇక్కడే. బ్రెజిల్ సర్ఫర్ గాబ్రియెల్ మెదీనా గాల్లో నిటారుగా నిలబడి, పక్కనే బోర్డు కూడా నిటారుగా ఉన్న ఫోటో గుర్తుందా? ఏఎఫ్‌పీ ఫోటోగ్రాఫర్ జెరోమ్ బ్రుయే తీసిన ఆ ఫోటో అప్పట్లో అందరి ఫోన్లలోనూ తిరిగింది. అది ఈ అల మీదే!

మరి అక్కడ రేపు అల ఎంత ఎత్తున వస్తుందో ముందే ఎలా తెలుస్తుంది? వెదర్ యాప్‌లో ఎండ బొమ్మ కనిపిస్తే సరిపోతుందా? అస్సలు సరిపోదు. వాతావరణం వేరు, అల వేరు. ఈ తేడా తెలియక ప్రాణాలు పోయిన ఘటనలు మన దేశంలోనూ ఉన్నాయి. పూర్తి వివరాలు చూద్దాం.

ముఖ్యాంశాలు:
• చోపూకి వచ్చే పెద్ద అలలు వేల కిలోమీటర్ల దూరంలోని తుపానుల్లో పుడతాయి
• అల ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతాం.. సెకన్లు కూడా చూడాలి
• మే నుంచి ఆగస్టు వరకు అసలు సీజన్
• సముద్రం పది నిమిషాలు ప్రశాంతంగా కనిపించినా నమ్మడానికి లేదు

ఇంతకీ ఎక్కడుంది?

పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉన్న ఫ్రెంచ్ పాలినేషియాలో పెద్ద ద్వీపం తాహితి. దానికి ఆగ్నేయాన తోకలా అతుక్కుని ఉండే భాగం తాహితి ఇతి. దాని నైరుతి తీరంలో, రోడ్డు ఆగిపోయే చోట ఉన్న చిన్న ఊరు తేహుపో. సర్ఫర్లు ముద్దుగా ‘చోపూ’ అంటారు. పారిస్ నుంచి దాదాపు 15,700 కిలోమీటర్ల దూరం. ఒలింపిక్స్ ఆతిథ్య నగరానికి ఇంత దూరంలో పతకాల పోటీ జరగడం అదే మొదటిసారి.

ఇక్కడ అల ఒడ్డున విరగదు. ఒడ్డుకు దూరంగా, సముద్రంలో ఉన్న పగడపు దిబ్బ మీద విరుగుతుంది. అందుకే దీన్ని రీఫ్ బ్రేక్ అంటారు. సర్ఫర్లే కాదు, చూసేవాళ్లు కూడా పడవల్లోనే వెళ్తారు. పక్కనే దిబ్బకు ఒక గండి ఉంటుంది. కొండల మీద నుంచి వచ్చే మంచినీళ్లు కలిసే చోట పగడాలు పెరగవు. అలా ఏర్పడిన దారి అది. అక్కడ నీళ్లు లోతు కాబట్టి అల విరగదు. పడవలన్నీ అక్కడే ఆగుతాయి.

ఎందుకంత ప్రమాదం?

మన విశాఖ ఆర్కే బీచ్‌లో అడుగున ఇసుక ఉంటుంది. లోతు మెల్లగా తగ్గుతుంది కాబట్టి అల కూడా ఒడ్డుకు వచ్చేలోపు కొంత కొంతగా బలం కోల్పోతుంది. చోపూలో అలా కాదు. బాగా లోతున్న సముద్రం కొద్ది దూరంలోనే అమాంతం నిస్సారమైపోతుంది. పూర్తి వేగంతో వచ్చే అల నేరుగా దిబ్బను గుద్దుకుని, ఉన్నచోటే పైకి లేచి ముందుకు చుట్టుకుంటుంది. అందుకే ఈ అలకి ఎత్తు కంటే మందం ఎక్కువ. వీడియోలో కూడా ఆ తేడా తెలుస్తుంది.

కింద పడితే దిగేది నీళ్లలోకే, కానీ ఆ నీళ్లు కొన్నిచోట్ల నడుము లోతు కూడా ఉండవు. కింద కత్తిలాంటి పగడం. 2000లో స్థానిక సర్ఫర్ ఒకరు ఇక్కడ దిబ్బకు తగిలి తీవ్రంగా గాయపడి చనిపోయారు. అదే ఏడాది ఆగస్టు 17న అమెరికన్ సర్ఫర్ లెయర్డ్ హామిల్టన్ జెట్‌స్కీ సాయంతో ఇక్కడ ఎక్కిన అల ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చుకుంది. ‘మిలీనియం వేవ్’ అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అల పుట్టేది ఎక్కడ?

ఇదే అసలు విషయం. చోపూకి వచ్చే అల తాహితిలో పుట్టదు. న్యూజిలాండ్‌కు దక్షిణంగా, అంటార్కిటికా వైపు సముద్రంలో బలమైన అల్పపీడనాలు తిరుగుతుంటాయి. అక్కడి ఈదురుగాలులు రోజుల తరబడి నీటిని తోస్తాయి. ఆ అలలు గాలి ఆగిపోయాక కూడా ప్రయాణం ఆపవు. ఇలా దూరం నుంచి నడిచొచ్చే అలల్నే స్వెల్ అంటారు.

ఎంత వేగంగా వస్తాయి? 16 సెకన్ల స్వెల్ తీసుకుంటే, లోతైన సముద్రంలో ఆ అలల గుంపు గంటకు సుమారు 45 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అంటే రోజుకు దాదాపు 1,080 కిలోమీటర్లు. 4,000 కిలోమీటర్ల దూరంలో పుట్టిన అల నాలుగు రోజుల లోపే తాహితి చేరుతుంది. తుపాను మ్యాప్ చూసి ఫలానా రోజు అల వస్తుందని చెప్పగలగడానికి కారణం ఇదే. తాహితిలో ఆ రోజు వాన పడుతుందా, ఎండ కాస్తుందా అన్నది వేరే లెక్క.

అంచనాలో చూడాల్సిన 5 విషయాలు

1. ఎత్తు: మీటర్లలో ఇస్తారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. అంచనాలో 2 మీటర్లు అని ఉంటే గరిష్ఠం 2 మీటర్లు అని కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు ఎత్తు అది. మధ్యలో ఒక్కో అల దానికి దాదాపు రెట్టింపు కూడా రావచ్చు. పైగా ఈ లెక్క లోతైన సముద్రానిది. దిబ్బ మీదకు వచ్చాక అల ఇంకా లేస్తుంది.

2. సెకన్లు: ఒక అల శిఖరం తర్వాత ఇంకో శిఖరం రావడానికి పట్టే సమయం. దీన్నే పీరియడ్ అంటారు. 8 సెకన్లంటే దగ్గరలోని గాలి పుట్టించిన చిందరవందర అల అనుకోవచ్చు. 15 సెకన్లు దాటితే దూరపు తుపాను నుంచి వచ్చిన బలమైన స్వెల్. ఎత్తు ఒకటే అయినా 8 సెకన్ల అల కంటే 16 సెకన్ల అల రెండింతల శక్తిని మోసుకొస్తుంది. 10 సెకన్ల అల సుమారు 78 మీటర్ల లోతులో నేలను తాకడం మొదలుపెడితే, 16 సెకన్ల అల 200 మీటర్ల లోతులోనే తాకుతుంది. అంత లోతు నుంచి నీరు కదులుతుందన్నమాట.

3. దిక్కు: అల ఎటు నుంచి వస్తుందో డిగ్రీల్లో ఇస్తారు. 180 అంటే దక్షిణం, 225 అంటే నైరుతి, 270 అంటే పడమర. చోపూకి నైరుతి వైపు నుంచి వచ్చేది సరైన స్వెల్. మరీ పడమరకు తిరిగితే అల మొత్తం ఒకేసారి మూసుకుపోతుంది, సర్ఫర్ బయటపడే దారి తగ్గిపోతుంది.

4. గాలి: నేల మీద నుంచి సముద్రం వైపు వీచే గాలి అల ముఖాన్ని నున్నగా నిలబెడుతుంది. సర్ఫర్ల భాషలో ఆఫ్‌షోర్. తాహితిలో రాత్రి చల్లబడిన కొండల మీద నుంచి దిగే గాలి తెల్లవారేదాకా ఉంటుంది. అందుకే పొద్దున్నే నీళ్లలో దిగుతారు. చలికాలంలో ఆగ్నేయం నుంచి వీచే ‘మరాము’ అనే గట్టి గాలి మొదలైతే మాత్రం అల చెడిపోతుంది. నాట్లను కిలోమీటర్లలోకి మార్చాలంటే 1.85తో గుణిస్తే చాలు.

5. ఆటుపోట్లు: ఇక్కడ తాహితి ప్రత్యేకం. మన దగ్గర చంద్రుణ్ణి బట్టి పోటు సమయం రోజూ మారుతుంది. తాహితిలో సూర్యుడి ప్రభావమే ఎక్కువ. అందుకే దాదాపు రోజూ మధ్యాహ్నం, అర్ధరాత్రి వేళల్లో పోటు, ఉదయం, సాయంత్రం 6 గంటల ప్రాంతంలో పాటు ఉంటాయి. తేడా కూడా సుమారు 30 సెంటీమీటర్లే. విశాఖలో పౌర్ణమి, అమావాస్యలకు ఈ తేడా మీటరు దాటుతుంది. కానీ నిస్సారమైన దిబ్బ మీద జానెడు నీళ్లు తగ్గినా ప్రమాదం పెరుగుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం

అంచనా ఇలా ఉందనుకోండి.. 2.4 మీటర్లు, 16 సెకన్లు, 210 డిగ్రీలు, గాలి ఈశాన్యం నుంచి 8 నాట్లు, ఆకాశం నిర్మలం.

దీని అర్థం ఏంటంటే, దక్షిణ నైరుతి నుంచి దూరపు స్వెల్ వస్తోంది. గాలి గంటకు 15 కిలోమీటర్లు మాత్రమే, అదీ నేల వైపు నుంచి. నిపుణులైన సర్ఫర్లకు మంచి రోజు. కొత్తవాళ్లు పడవలో కూర్చుని చూడాల్సిన రోజు.

ఇప్పుడు అదే చోట 1 మీటరు, 20 సెకన్లు అని ఉందనుకోండి. మీటరే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఎక్కువ సెకన్ల అలలు వేగంగా నడుస్తాయి కాబట్టి తుపాను నుంచి ముందు అవే చేరతాయి. అంటే వెనకాల పెద్ద గుంపు రాబోతోందని అర్థం!

నెలలవారీగా ఎలా ఉంటుంది?

మే - ఆగస్టు: దక్షిణార్ధగోళంలో చలికాలం దగ్గరపడి, అక్కడి తుపానులు బలపడే సమయం. పెద్ద స్వెల్స్ ఎక్కువగా వచ్చేది ఇప్పుడే. వానలు తక్కువ. ప్రపంచ సర్ఫ్ లీగ్ వాళ్ల తాహితి పోటీ కూడా సాధారణంగా ఆగస్టులో ఉంటుంది.

సెప్టెంబర్ - అక్టోబర్: అలలు వస్తూనే ఉంటాయి, కానీ మధ్యలో ఖాళీలు పెరుగుతాయి.

నవంబర్ - ఏప్రిల్: వానాకాలం. ఉక్కపోత, జల్లులు. దక్షిణ స్వెల్ బలహీనపడుతుంది. ఏప్రిల్ చివరికి మళ్లీ పుంజుకుంటుంది.

అంచనా సరైనదే.. కానీ అల రాలేదు!

2024 ఒలింపిక్స్ సర్ఫింగ్ జులై 27న మొదలై ఆగస్టు 5న ముగిసింది. మధ్యలో పరిస్థితులు అనుకూలించక కొన్ని రోజులు పోటీలు ఆపేశారు. సర్ఫింగ్ పోటీలకు తేదీ కాకుండా కొన్ని రోజుల గడువు పెట్టుకునేది ఇందుకే.

ఇక చివరి రోజు జరిగింది చూడండి. సెమీఫైనల్లో మెదీనాకి సరైన అలలే దొరకలేదు. ఒక్క అలతో 6.33 పాయింట్ల దగ్గర ఆగిపోయాడు. జులై 29న అదే మెదీనా ఒక్క అలకే 9.90 తెచ్చుకున్నాడు. అతన్ని ఓడించిన ఆస్ట్రేలియా సర్ఫర్ జాక్ రాబిన్సన్‌కి ఫైనల్లో అదే అనుభవం. తాహితి కుర్రాడు కౌలి వాస్త్ మొదట్లోనే వచ్చిన రెండు మంచి అలలతో 17.67 చేసి స్వర్ణం కొట్టాడు. ఆ తర్వాత సముద్రం చల్లబడిపోయింది. రాబిన్సన్ 7.83 దగ్గరే ఉండిపోయాడు.

స్వెల్ నడిచే తీరే అంత. అలలు గుంపులుగా వస్తాయి. ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ మధ్య పది, పదిహేను నిమిషాలు ఏమీ లేనట్టే ఉంటుంది. పోటీలో అయితే పతకం పోతుంది. బీచ్‌లో మాత్రం ఆ ప్రశాంతతను చూసి నీళ్లలో దిగినవాళ్ల ప్రాణమే పోతుంది.

మనకేంటి సంబంధం?

చాలా ఉంది. దక్షిణ మహాసముద్రంలో పుట్టే స్వెల్ హిందూ మహాసముద్రం దాటి మన తీరాలకూ వస్తుంది. మలయాళంలో దీన్ని ‘కల్లక్కడల్’ అంటారు, అంటే దొంగలా వచ్చే సముద్రం. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా తీరంలో ఐదుగురు వైద్య విద్యార్థులు అలల్లో కొట్టుకుపోయి చనిపోయారు. అప్పుడు అక్కడ తుపాను లేదు. కానీ ఉప్పెనలా స్వెల్ వస్తుందని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ముందే హెచ్చరించింది.

తాహితిలో మెటియో ఫ్రాన్స్ ఇచ్చే హెచ్చరికలకు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు ఉన్నట్టే మన వాతావరణ శాఖ హెచ్చరికలకూ ఉన్నాయి. 2011 ఆగస్టులో చోపూలో అలలు మరీ పెరిగినప్పుడు అధికారులు ‘కోడ్ రెడ్’ ప్రకటించారు. పోటీ కూడా ఆగిపోయింది.

బీచ్‌కి వెళ్లేముందు ఇవి గుర్తుంచుకోండి

• వాన సూచన చూసి ఆగిపోకండి. ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో గానీ, ‘సముద్ర’ యాప్‌లో గానీ అలల హెచ్చరిక చూడండి.
• ఎత్తు తక్కువగా ఉన్నా సెకన్లు 15 దాటితే జాగ్రత్త పడాల్సిందే.
• ఒడ్డుకు చేరగానే నీళ్లలోకి పరుగెత్తొద్దు. ఓ పావుగంట నిలబడి సముద్రాన్ని చూడండి. పెద్ద గుంపు ఒక్కసారైనా కనిపిస్తుంది.
• తడిసి ఉన్న బండరాళ్ల మీద సెల్ఫీలు వద్దు. రాయి తడిగా ఉందంటే అల అక్కడిదాకా వచ్చిందనే అర్థం.
• రిప్ కరెంట్ లోపలికి లాగితే ఎదురీదొద్దు. తేలుతూ ఉండి చెయ్యెత్తి సాయం కోరండి, వీలైతే ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడండి. ఒడ్డున ఉన్నవాళ్లు లైఫ్‌గార్డును పిలవాలి, 112కి ఫోన్ చేయాలి. కాపాడాలని వెంటనే దూకొద్దు.

చివరగా.. చోపూ పోటీలను లైవ్‌లో చూడాలనుకునేవాళ్లకు ఒక లెక్క. తాహితి మనకంటే 15 గంటల 30 నిమిషాలు వెనక. అక్కడ ఉదయం 7 గంటలకు అలలు నున్నగా ఉన్నప్పుడు మనకు రాత్రి 10.30. అంటే మ్యాచ్ మొత్తం మన నిద్ర సమయంలోనే! అలారం పెట్టుకునే ముందు ఆ రోజు పోటీ ఉందో, వాయిదా పడిందో చూసుకోండి. అక్కడ నిర్ణయం అలదే.