పై అంతస్తు వేడి: ప్రతిపదార్థం

డూప్లెక్స్ ఇంట్లో కింద హాయిగా, పైన ఉడికిపోతూ ఉంటే చేయవలసినదంతా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: స్లాబు వేడిని డాబా మీదే ఆపు, లోపల చేరినదాన్ని రాత్రి గాలితో తరిమెయ్, మిగిలినదానికే ఏసీ పెట్టు.

స్లాబు వేడి: కింది అంతస్తుకు పైగదులే నీడ. పైగదులకు ఆ నీడ లేదు. పొద్దంతా కాగిన కాంక్రీటు ఆ వేడిని కొన్ని గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. మే నెలలో రాత్రి ఎనిమిదింటికి స్టూలెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనించి చూడండి, ఇంకా వెచ్చగా తగులుతుంది. ఫ్యాను తిరుగుతున్నా ఒళ్లు చల్లబడకపోవడానికి కారణం అదే.

డాబా మీదే ఆపు: తెలుపు ఎండను తిప్పికొడుతుంది. సున్నం చవక, కానీ వానలకు పోతుంది, ఏటా వేసవికి ముందు మళ్లీ వేయాలి. కూల్ రూఫ్ పెయింటుకు ఖర్చెక్కువ, మన్నిక కూడా ఎక్కువే. పగుళ్లు పూడ్చి, నాచు గీకి, ఆరాకే పూయాలి. దుమ్ము పట్టిన తెలుపు సగం పనే చేస్తుంది కాబట్టి అప్పుడప్పుడు కడగాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లవాళ్లకు అది వాళ్ల ఇష్టానికే వదిలింది, కానీ ఎండ అందరి డాబా మీదా ఒకేలా పడుతుంది.

రాత్రి గాలి: వేడిగాలి మెట్ల మీదుగా పైకి చేరుతుంది. మెట్లగదిలో ఎత్తున ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, కింద దోమల జాలీ ఉన్న కిటికీలు తెరిస్తే అది బయటికి పోతుంది. అయితే బయట లోపలికన్నా చల్లగా ఉన్నప్పుడే తెరవాలి. హైదరాబాదులో, అనంతపురంలో రాత్రులు ఇందుకు అనుకూలం. ఉక్కపోసే కోస్తాలో ఫలితం తక్కువ.

మిగిలినదానికే ఏసీ: టన్ను అంటే మిషను బరువు కాదు, గంటకు 12,000 బీటీయూల వేడిని తోడే శక్తి. కింద ఒక టన్ను సరిపోయిన కొలత గదికే పైన ఒకటిన్నర కావలసి రావచ్చు. పైహాల్లో ఏసీ వేస్తే చల్లగాలి మెట్ల మీంచి కిందికి జారిపోతుంది, అందుకని మెట్ల దగ్గర తలుపైనా, మందపాటి పరదా అయినా ఉండాలి.

తాత్పర్యం: వరుస తప్పకూడదు. ముందే పెద్ద ఏసీ కొంటే స్లాబు కాగుతూనే ఉంటుంది, కరెంటు బిల్లు పెరుగుతూనే ఉంటుంది. డాబాకు తెల్లరంగు పడ్డాక వారం రోజులు పైన పడుకుని చూసి, ఏసీ ఎన్ని టన్నులో అప్పుడు తేల్చుకోవాలి.