లండన్ కోపంలో పుట్టిన సెక్షన్

1843 జనవరి 20, శుక్రవారం. లండన్‌లో చారింగ్ క్రాస్ దగ్గర ఎడ్వర్డ్ డ్రమ్మండ్ నడిచి వెళుతున్నాడు. ప్రధానమంత్రి రాబర్ట్ పీల్‌కు ఆయన ఆంతరంగిక కార్యదర్శి. ఒక మనిషి వెనకాలే వచ్చి, దాదాపు వీపుకు ఆనించి పిస్తోలు పేల్చాడు. రెండో పిస్తోలు పేల్చేలోగా పోలీసు కానిస్టేబుల్ అతన్ని ఒడిసిపట్టాడు. డ్రమ్మండ్ ఐదు రోజులు బతికి, చనిపోయాడు.

కాల్చినవాడి పేరు డేనియల్ మెక్‌నాటన్. గ్లాస్గోలో కొయ్యపని చేసుకునేవాడు. చిల్లిగవ్వ లేనివాడేమీ కాదు, పట్టుబడినప్పుడు అతని దగ్గర 750 పౌండ్ల బ్యాంకు రసీదు దొరికింది. పీల్ నడిపే టోరీ పార్టీ వాళ్లు తన వెంట పడుతున్నారనీ, దేశం దాటి ఫ్రాన్స్ వెళ్లినా వదల్లేదనీ అతని ఫిర్యాదు. ఆ మాట ఊళ్లో పోలీసులకూ, పెద్దలకూ ముందే మొరపెట్టుకున్నాడు. వాళ్లు విని పంపించేశారు. డ్రమ్మండ్‌ను చూసి పీల్ అనుకున్నాడని అప్పట్లో అందరూ నమ్మారు.

మన దగ్గర ఏ జిల్లా కోర్టులోనైనా హత్యకేసు ముద్దాయి తరఫు వకీలు లేచి ‘మతిస్థిమితం లేదు’ అన్నాడంటే, ఆ మాట వెనక ఈ కొయ్యపనివాడు ఉన్నాడు.

అంతకు 31 ఏళ్ల ముందు, 1812 మే 11న, జాన్ బెల్లింగ్‌హామ్ అనే వ్యాపారి స్పెన్సర్ పెర్సివల్ అనే ప్రధానమంత్రిని పార్లమెంటు లాబీలోనే కాల్చి చంపాడు. మే 15న విచారణ, 18న ఉరి. పిచ్చి సంగతి చెప్పే సాక్షులను దూరపు ఊళ్ల నుంచి రప్పించుకోవడానికి గడువు అడిగితే కోర్టు ఇవ్వలేదు. నేరం నుంచి ఉరికొయ్య దాకా సరిగ్గా వారం. చనిపోయినవాడు ప్రధానమంత్రి అయితే వైద్యుల మాట ఎవరికి పడుతుంది?

మెక్‌నాటన్ అదృష్టం వేరు. అతని తరఫున నిలబడిన అలెగ్జాండర్ కాక్‌బర్న్ ఆ తరంలో పేరున్న వకీలు, తర్వాతి కాలంలో ఇంగ్లండ్ ప్రధాన న్యాయమూర్తి. ఐజాక్ రే అనే అమెరికన్ వైద్యుడు 1838లో పిచ్చికీ చట్టానికీ ఉన్న సంబంధం మీద రాసిన పుస్తకాన్ని కోర్టులో విప్పి చూపించాడు. ఒక విషయంలో మతి తప్పినవాడు మిగతా అన్నిటిలో మామూలుగా ఉండొచ్చు, లెక్కలు రాసుకోవచ్చు, బేరాలాడొచ్చు అన్నది ఆ వాదం సారాంశం. వైద్యులు వరసగా బోనెక్కి అదే చెప్పారు. వాళ్లలో ఫోర్బ్స్ విన్‌స్లో అనే ఆయన ముద్దాయిని పరీక్షించనేలేదు, కోర్టులో కూర్చుని విచారణ చూశాడంతే. ఆయన సాక్ష్యం కూడా చెల్లింది. ప్రాసిక్యూషన్ తరఫున ఎదురు చెప్పడానికి ఒక్క వైద్యుడూ లేడు. ప్రధాన న్యాయమూర్తి టిండల్ విచారణను అక్కడే ఆపి, జ్యూరీకి దారి దాదాపుగా చూపించేశాడు. జ్యూరీ లేచి లోపలికి కూడా వెళ్లలేదు. మతి లేని కారణంగా నిర్దోషి అంది.

ఇక చూడాలి లండన్‌ను. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. కవి థామస్ క్యాంప్‌బెల్ ఎగతాళిగా పద్యం కట్టాడు. హంతకులకు దారి తెరిచారన్నది ఊరంతా ఒకటే మాట. అందరికంటే ఎక్కువ మండిపడింది విక్టోరియా రాణి. ఆమె కోపానికి సొంత లెక్క కూడా ఉంది. 1840లో ఎడ్వర్డ్ ఆక్స్‌ఫర్డ్ అనే కుర్రాడు ఆమె బండి మీద కాల్పులు జరిపాడు, మతి లేదని బయటపడ్డాడు. 1842లో మరో ఇద్దరు తుపాకులు ఎక్కుపెట్టారు. చేసేదేమిటో తెలిసి చేసినవాళ్లని అందరికీ తెలుస్తుంటే నిర్దోషులెలా అవుతారని ఆమె పీల్‌కు ఉత్తరం రాసింది. (ఆ ఆక్స్‌ఫర్డ్ పాతికేళ్ల పైన నిర్బంధంలో గడిపి, ఆస్ట్రేలియా పోయి, పేరు మార్చుకుని మెల్‌బోర్న్ మీద పుస్తకం రాశాడు. కోర్టు వాదనలకంటే ఈ ముక్కే ఎక్కువ ఆలోచింపజేస్తుంది.)

హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులను పిలిపించి ఐదు ప్రశ్నలు వేసింది. జూన్ 19న జవాబులొచ్చాయి. మౌల్ అనే ఒక్క న్యాయమూర్తి విడిగా జవాబిచ్చాడు, తక్కినవారందరి తరఫునా టిండలే మాట్లాడాడు. మెక్‌నాటన్ సూత్రాలంటే ఇవే. ప్రతి మనిషికీ మతి ఉందనే మొదట అనుకోవాలి. మనోవ్యాధి వల్ల తాను చేస్తున్న పని ఏమిటో తెలియకపోయినా, అది తప్పని తెలియకపోయినా మాత్రమే మినహాయింపు. భ్రమలో ఉన్నవాడైతే ఆ భ్రమే నిజమనుకుని తీర్పు చెప్పాలి. ఎదుటివాడు తనను చంపబోతున్నాడని భ్రమపడి చంపితే అది ఆత్మరక్షణ. తన పరువో ఆస్తో పాడుచేశాడని భ్రమపడి పగతో చంపితే శిక్షే.

ఈ కొలబద్ద పెట్టి కొలిస్తే మెక్‌నాటన్‌కే ఉరి పడేదని చాలామంది న్యాయపండితులంటారు. అందులో న్యాయం ఉంది. తుపాకీ పేల్చడం అంటే ఏమిటో అతనికి తెలుసు, అది చట్టానికి విరుద్ధమనీ తెలుసు. లోపల చెడింది తెలివి కాదు. అతన్ని విడిచిపెట్టినందుకు వచ్చిన కోపాన్ని చల్లార్చడానికి, అతనికే సరిపోని సూత్రం అతని పేరు మీద తయారైంది.

‘విడిచిపెట్టడం’ అన్న మాటా తప్పే. అతను ఇంటికి వెళ్లలేదు. మొదట బెత్లెహెం ఆస్పత్రి, తర్వాత కొత్తగా కట్టిన బ్రాడ్‌మూర్. 22 ఏళ్లు గోడల మధ్యే ఉండి 1865లో అక్కడే చనిపోయాడు. ‘తప్పించుకున్నాడు’ అని అరిచినవాళ్లలో ఎంతమంది ఈ లెక్క చూశారో!

రాణి కూడా మర్చిపోలేదు. 1882లో రోడరిక్ మెక్లీన్ అనేవాడు విండ్సర్‌లో ఆమె మీద కాల్చి, మళ్లీ మతి లేదనే తీర్పుతో బయటపడ్డాడు. మరుసటి ఏడాది తీర్పు వాక్యాన్నే మార్చేశారు. ‘నిర్దోషి’ పోయి ‘దోషి, కానీ మతి లేనివాడు’ వచ్చింది. ముద్దాయి వెళ్లే చోటు మారలేదు, పిలిచే పేరే మారింది. పాత మాట తిరిగి రావడానికి 1964 దాకా పట్టింది.

మనకు ఈ సరుకు ఇండియన్ పీనల్ కోడ్ రూపంలో చేరింది. 1837లో మెకాలే రాసిన ముసాయిదాలో మతి లేనివారి గురించిన వాక్యాలు పొట్టివి, సాదావి. 1860లో చట్టమై, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన కోడ్‌లో మాత్రం సెక్షన్ 84 మెక్‌నాటన్ సూత్రాల అచ్చులోనే ఉంది. చేసే సమయంలో, మతిస్థిమితం లేక, పని స్వభావం గానీ అది తప్పనో చట్టవిరుద్ధమనో గానీ తెలియని స్థితి ఉండాలి. దాన్ని చూపించే భారం ముద్దాయిదే.

తెలుగు పల్లెల్లో ఈ భారం మోయడం ఎంత కష్టమో సెషన్స్ కోర్టు వరండాలో నిలబడినవాళ్లకు తెలుస్తుంది. ఘటనకు ముందు, తర్వాత ముద్దాయి ఎలా నడుచుకున్నాడో కోర్టు చూస్తుంది. పారిపోయాడా, కత్తి దాచాడా? దాచాడంటే తెలిసే చేశాడనే వాదన బలపడుతుంది. పాత వైద్యం కాగితాలు ఏవీ? ‘గాలి సోకింది’ అని గుడికో, దర్గాకో, భూతవైద్యుడి దగ్గరికో తిప్పిన కుటుంబం దగ్గర తాయెత్తు ఉంటుంది, చీటీ ఉండదు. ఎర్రగడ్డకో, విశాఖ మానసిక ఆస్పత్రికో తీసుకెళ్తే ఊళ్లో పరువు పోతుందన్న భయం ఒకటి. ఆ రెండు పేర్లూ మన వెక్కిరింతల్లో ఎంతగా నలిగాయో చెప్పక్కర్లేదు. ఆ వెక్కిరింత ఖరీదు తర్వాత బోనులో తెలుస్తుంది.

ఈ మధ్య కాలంలో కదలిక వచ్చింది శిక్ష దగ్గర. 2014లో సుప్రీంకోర్టు, ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చడానికి మానసిక వ్యాధిని ఒక కారణంగా ఒప్పుకుంది. 2019 ఏప్రిల్‌లో జస్టిస్ ఎన్.వి.రమణ నేతృత్వంలోని ధర్మాసనం మరో అడుగు వేసింది. ఇద్దరు పసిపిల్లల మీద అత్యాచారం చేసి చంపిన కేసు అది, జనం మనసు ఎటుంటుందో ఊహించవచ్చు. శిక్ష పడ్డాక వచ్చిన తీవ్ర మానసిక వ్యాధినీ లెక్కలోకి తీసుకోవాలని కోర్టు అంది. ఉరిని తీసేసి, బతికినంత కాలం జైలు అంది. వ్యాధి వివరాలు బయటపడకూడదని ముద్దాయి పేరును తీర్పులో రాయకుండా ‘ఎక్స్’ అని మాత్రమే పెట్టింది.

అదే దేశంలో 2023 ఆగస్టులో కొత్త శిక్షాస్మృతి బిల్లు వచ్చినప్పుడు, పాత ‘మతిస్థిమితం లేకపోవడం’ అన్న మాట స్థానంలో ‘మానసిక అనారోగ్యం’ అని రాశారు. మూడ్ మారడమూ, కావాలని తాగడమూ కూడా అందులోకి వచ్చేస్తాయని పార్లమెంటరీ స్థాయీ సంఘం అభ్యంతరపెట్టింది. డిసెంబరులో పాత మాటే తిరిగొచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 22 కింద కోర్టులు చదువుతున్నది 1860 నాటి వాక్యమే.