దూరం కొలిచే కెమెరా, పేర్లు వ్రాసిన రిజిస్టరు

ప్రత్యేక సంచికకు నా ఫోటోగ్రఫీ గురించి వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. నేను పేరుమోసిన ఫోటోగ్రాఫర్ని కాను. ముప్పై ఆరేళ్లు ప్రభుత్వ కచేరీలో గుమాస్తాగిరీ చేసి, 2008లో పదవీ విరమణ పొంది, పాల్మాకులలో కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. అయితే ఒకే రకం కెమెరాతో దాదాపు యాభై ఏళ్లు గడిపాను కనుక, దాని చరిత్ర నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

మన ప్రాంతపు ఫోటోగ్రఫీకి మూలపురుషుడు ఒక ప్రభుత్వోద్యోగే అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. రాజా దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో జన్మించారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేట్లు, డ్రాయింగులు తయారుచేసే కొలువులో చేరారు. ఆ ఉద్యోగం చేస్తూనే ఫోటోలు తీయడం నేర్చుకున్నారు. తరువాత హైదరాబాదు చేరి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారులై, 'రాజా' బిరుదు పొందారు. 1905లో కాలధర్మం చెందారు. 2006లో తపాలా శాఖ వారి పేర స్టాంపు వెలువరించింది.

దీన్ దయాళ్ గారి కాలంలో కెమెరా అంటే ముక్కాలి పీట మీద నిలబెట్టే పెద్ద పెట్టె, బరువైన గాజు పలకలు. దాన్ని చేతిలో ఇమిడేలా చేసినవారు జర్మనీలోని వెట్జ్‌లార్‌కు చెందిన ఆస్కార్ బర్నాక్. వారు రూపొందించిన లైకా 1925లో లైప్జిగ్ సంతలో మార్కెట్టుకు వచ్చింది. దూరం కొలిచే ఏర్పాటును లెన్సుతో జతచేసిన లైకా 1932లో వచ్చింది. దీన్నే రేంజ్‌ఫైండర్ కెమెరా అంటారు.

సర్వే శాఖలో పనిచేసిన మిత్రులకు ఇది ఇట్టే బోధపడుతుంది. ఒక గీత రెండు కొసల నుంచీ దూరపు గురుతును చూసి, కోణాన్ని బట్టి దూరం లెక్కగడతారు కదా! 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ దొర గీత కొలిచి దేశాన్ని సర్వే చేయడం మొదలుపెట్టింది ఈ సూత్రంతోనే. కెమెరా ముందువైపు రెండు కిటికీలు ఉంటాయి. కంటికి ఒకే మనిషి రెండు బొమ్మలుగా కనిపిస్తాడు. లెన్సు చుట్టూ ఉన్న కట్టును తిప్పుతూ పోతే ఆ రెండు బొమ్మలూ ఒకటవుతాయి. అప్పుడు దూరం సరిపోయినట్లు లెక్క.

నేను 1976లో నగరంలోని ఒక పాత సామాన్ల దుకాణంలో రష్యన్ జోర్కి-4 కొన్నాను. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీలో 1956 నుంచి 1973 వరకు పది లక్షలకు పైగా తయారైన మోడలు అది. అందులో బ్యాటరీ లేదు, వెలుతురు కొలిచే మీటరు లేదు. ఫిల్ము ముందుకు తిప్పిన తరువాతే వేగం మార్చాలి, లేకుంటే లోపలి యంత్రం పాడవుతుంది. ఇంకొక ఇబ్బంది, చూసే కిటికీ వేరు, బొమ్మ పడే లెన్సు వేరు. లెన్సు మూత తీయకపోయినా కిటికీలో లోకమంతా చక్కగా కనబడుతుంది. రోలంతా అలాగే తీసినవారు ప్రపంచంలో కోకొల్లలు!

పుస్తకం చదివి నేర్చుకునే విద్య కాదిది. మా కచేరీలో ఒక సీనియర్ అసిస్టెంటు గారు ఉండేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా నలుగురైదుగురిని రికార్డు రూముకు తీసుకుపోయి, "ఆ బీరువా ఎన్ని మీటర్లుంటుందోయ్?" అని అడిగేవారు. మేము తలా ఒక అంకె చెప్పేవాళ్లం. తరువాత కెమెరాలో చూసి, చివరికి అడుగులు వేసి సరిచూసేవాళ్లం. ఆరు నెలలు గడిచేసరికి కంటితోనే దూరం చెప్పగలిగాం. ఎండ బాగా కాస్తే 125 ఏ.ఎస్.ఏ. ఫిల్ముకు పదహారో నంబరు ద్వారం, సెకనులో 125వ వంతు సరిపోతుందన్న లెక్క ఆయన నోటినుంచే విన్నాం. ఎనిమిదో నంబరు పెట్టి దూరం పది మీటర్ల దగ్గర ఉంచితే, అయిదు మీటర్ల నుంచి కనుచూపు మేర వరకు అన్నీ తేటగా వస్తాయని కూడా ఆయనే చెప్పారు. జాతరలోనో, ఊరేగింపులోనో కట్టు తిప్పే తీరిక లేనప్పుడు ఈ కిటుకే ఆదుకుంటుంది.

ఫిల్ము ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు'. ఆ కర్మాగారం తరువాత మూతపడింది. జీతం వచ్చాక నెలకు ఒక రోలు, అంటే ముప్పై ఆరు బొమ్మలు. కడిగే మందు నీళ్లు ఇరవై డిగ్రీలు ఉండాలంటారు. మన వైశాఖ మాసంలో కుళాయి నీళ్లే ముప్పై దాటుతాయి. అందుకని తెల్లవారుజామున లేచి, గిన్నె చుట్టూ ఐసుముక్కలు పేర్చి కడిగేవాళ్లం. ఒకరు గడియారం చూస్తే, ఇంకొకరు డబ్బా తిప్పేవారు. బొమ్మలు ఆరాక అందరూ కూర్చుని మంచిచెడ్డలు మాట్లాడుకునేవారు. మా బడి అదే.

ఆ అసిస్టెంటు గారు పెట్టిన నియమం మరొకటుంది. డిస్పాచ్ రిజిస్టరు మాదిరిగా ప్రతి బొమ్మకూ క్రమసంఖ్య, తేదీ, స్థలం, ద్వారం నంబరు, వేగం, బొమ్మలో ఉన్నవారి పేర్లు వ్రాయాలి. "నంబరు లేని కాగితం, పేరు లేని ఫోటో రెండూ ఒకటే" అనేవారు. అప్పట్లో మాకది చాదస్తంగా తోచింది. దాని విలువ తరువాత తెలిసింది.

నేను మొదట బొమ్మలు తీసే నాటికి మాది హైదరాబాదు జిల్లా. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. శంషాబాద్ చుట్టుపక్కల జొన్న చేలు, ఆముదపు చేలు, ద్రాక్ష పందిళ్లు, మోటబావులు ఉండేవి. విమానాశ్రయానికి సుమారు 5,500 ఎకరాలు పోయాయి. 2008 మార్చిలో విమానాలు దిగడం మొదలైంది. ఆ తరువాత బయటి వలయ రహదారి, వెంచర్లు, గోదాములు వచ్చాయి. అభివృద్ధిని నేను కాదనను. మా మనవలకు ఉద్యోగాలు దొరికింది అక్కడే. కాని బావి ఎక్కడుండేదో చూపించడానికి ఇప్పుడు గట్టు కూడా మిగలలేదు.

కొన్నేళ్ల క్రితం భూమి పోయిన ఒక కుటుంబం వారు నా దగ్గరకు వచ్చారు. వారి తండ్రి గారి ఫోటో ఒక్కటీ ఇంట్లో లేదు. "మా నాయన మోట తోలుతుంటె మీరు ఫోటో తీసిండ్రట గద సార్" అన్నారు. రిజిస్టరు తిరగేస్తే 1979 పుటలో ఆయన పేరు, రోలు నంబరు దొరికాయి. నెగటివు చెక్కుచెదరలేదు. ప్రింటు వేయించి ఇస్తే పెద్దకొడుకు దాన్ని చాలాసేపు అలాగే పట్టుకుని, "మా పిల్లలు తాతను చూడలె" అన్నాడు.

మా బృందంలోని వేరొక మిత్రుడు నాకంటె బాగా తీసేవాడు. పేర్లు మాత్రం వ్రాసేవాడు కాదు. అతను పోయాక రెండు డబ్బాల నెగటివులు వారి పిల్లలు నాకు తెచ్చి చూపారు. వందలకొద్దీ ముఖాలు, నేను గుర్తుపట్టింది పట్టుమని ఇరవై. మిగతావారెవరో చెప్పగలిగినవాడు లేడు.

2022లో లైకా కంపెనీ వారు పాత ఎం-6 ఫిల్ము కెమెరాను మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టారు. అంటే ఈ విద్య మీద ఇంకా మక్కువ ఉందన్నమాట. మా జోర్కి కూడా పనిచేస్తూనే ఉంది. ఆసక్తి ఉన్న పిల్లలెవరైనా మా ఇంటికి వస్తే, బీరువా ఎంత దూరమో అడగడంతోనే పాఠం ప్రారంభిస్తాను.

కెమెరా లేనివారికి కూడా ఒక విన్నపం. ఈ ఆదివారం ఇంట్లోని పాత ఫోటోలు బయటకు తీయండి. వెనుకవైపు మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం వ్రాయండి. బాల్‌పెన్ను ఒత్తితే బొమ్మ మీద గాడి పడుతుంది. నెగటివులను ప్లాస్టిక్ సంచుల్లో కాక కాగితపు కవర్లలో, తేమ తగలని చోట ఉంచండి. వెనిగరు వాసన వస్తుంటే ఆ ఫిల్ము చెడిపోతున్నట్లు గుర్తు. వెంటనే వేరుచేసి, స్కానింగు చేయించండి. ఆ ముఖాలు ఎవరివో చెప్పగలిగినవాళ్లం మనమే. మన తరువాత వాటిని గుర్తుపట్టేవారు ఉండరు. కనుక, చెయ్యి వణకక ముందే ఆ పని పూర్తిచేద్దాం.