కవిలెకట్ట నుండి కంప్యూటరు దాక

హనుమాన్ జంక్షన్ వద్ద నాలుగు దారులు కలియును. ఒకటి ఏలూరునకు, ఒకటి నూజివీటికి, ఒకటి గుడివాడకు, ఒకటి విజయవాడకు పోవును. బస్సు మారు ప్రయాణికునకు అది కూడలి మాత్రమే. కాని మన గ్రామముల లెక్కలు ఎవరి చేతిలో నుండెను, అవి ప్రజల కంటబడుటకు ఎంతకాలము పట్టెను అని విచారించు వారికి ఈ దారులు నాలుగును నాలుగు అధ్యాయములు.

మొదటిది ఏలూరు దారి. ఆ యూరివాడైన కావలి వెంకట బొర్రయ్య పద్దెనిమిదవ శతాబ్ది చివర కాలిన్ మెకంజీ దొర కొలువులో చేరి, 1803లో మరణించువరకు శాసనములను, స్థలచరిత్రలను సేకరించెను. ఆ పిమ్మట సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. నేడు మనము కైఫియత్తులని పిలుచు గ్రామచరిత్రలలో పెక్కింటికి ఆధారము కరణముల దండకవిలెలు. పొలిమేర ఏది, ఈనాము ఎవరిది, చెరువు ఎవరు త్రవ్వించిరి అను సంగతులన్నియు వానిలో నుండెడివి. లెక్క గ్రామమునది, కవిలెకట్ట మాత్రము కరణము ఇంటిది.

రెండవది నూజివీటి దారి, అనగా జమీందారీల దారి. 1802లో శాశ్వత పైసలా ఏర్పడినప్పుడు కుంపిణీవారు ఆ సంవత్సరపు 29వ రెగ్యులేషను ద్వారా కరణీకమును చట్టబద్ధము గావించిరి. జమీందారునకు, రైతునకు నడుమ శిస్తు తగవు వచ్చినచో కరణము లెక్క సాక్ష్యము కావలెనని వారి యుద్దేశము. ఆశయము మంచిదే. కాని చదువురాని రైతు ఆ సాక్ష్యమును తానై పరిశీలించుకొనుటెట్లు? అడంగలులో ఒక పేరు మారెనేని తాను దున్నుచున్న పొలములోనే అతడు పరాయివాడగును. నిజాయితీతో లెక్కలు వ్రాసి ఊరికి పెద్దదిక్కుగా నిలిచిన కరణములు ఎందరో కలరు. అయినను రైతు వారి మంచితనముపై ఆధారపడవలసి వచ్చెనే గాని హక్కుపై కాదు. 1948 నాటి చట్టముతో జమీందారీలు పోయెను, కరణీకము నిలిచెను.

గుడివాడ దారిని ముందుకు సాగినచో నిమ్మకూరు వచ్చును. ఆ గ్రామమున జన్మించిన నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా 1984 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి కరణము, మునసబు పదవులను రద్దు గావించిరి. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించెను. ఆ సంవత్సరమే మండలములు ఏర్పడెను. ఈ విధముగ పుస్తకములు ఇల్లు మారెను. అయితే ఇల్లు మారుట వేరు, తెరువబడుట వేరు. కరణము గుమ్మము నొద్ద నిలిచిన రైతు మండల కార్యాలయపు వరండాలో నిలిచెను.

1998 నవంబరులో రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లు పనిచేయనారంభించెను. దస్తావేజును చేతితో పుస్తకమునకెక్కించు పద్ధతి తొలగెను. రోజుల తరబడి తిరిగినగాని దొరకని ఈ.సీ. స్వల్పకాలములో చేతికి వచ్చెను. యంత్రముపై మక్కువగల మిత్రులు లంచమునకు, దాపరికమునకు ఇదియే మందని సంబరపడిరి. వారి మాటలో సగము సత్యము కలదు. తక్కిన సగము 2005 అక్టోబరు 12న అమలులోనికి వచ్చిన సమాచార హక్కు చట్టములో నున్నది. యంత్రము లెక్కను వేగముగ చూపును. చూపుమని అడుగు హక్కు నిచ్చునది చట్టమే. మన రాష్ట్ర నియమముల ప్రకారము గ్రామస్థాయిలో దరఖాస్తునకు రుసుము లేదు; మండలస్థాయిలో 5 రూపాయలు. ముప్పది దినములలో సమాధాన మీయవలెను.

నాలుగవది విజయవాడ దారి. దానినంటి జగ్గయ్యపేట వైపునకు పోయినచో తక్కెళ్లపాడు. 2020 డిసెంబరు 21న భూముల పునఃసర్వే అక్కడ ఆరంభమయ్యెను. గొలుసు పట్టిన చోట డ్రోనులు ఎగిరెను. అడంగలు, 1-బి అంతకుముందే, 2015లో, మీ భూమి ద్వారా ఇంటనుండి చూచుకొన వీలయ్యెను. కాని 2023 అక్టోబరులో అమలులోనికి వచ్చిన భూహక్కు చట్టము పెద్ద వివాదమును రేపెను. పట్టికలో నమోదైన హక్కు రెండేండ్లలో ఆక్షేపణ రానిచో తిరుగులేనిదగునని, అట్టి తగవులు సివిలు కోర్టులకు పోరాదని అందుండెను. న్యాయవాదులు వీధికెక్కిరి, ఎన్నికలలో అది ప్రధాన చర్చయయ్యెను, 2024లో ఆ చట్టము రద్దయ్యెను. లెక్క ఎంత నవీనమైనను, అది తప్పని వాదించుటకు చోటు లేనిచో జనులు దానిని నమ్మరని ఆ ఘట్టము చాటెను.

ఇందు మరియొక చిక్కు కలదు. సర్కారు లెక్కలన్నియు బయటపెట్టవలెనందుమా, వానిలో మన పేరు, మన ఆస్తి, మన ఇంటి గుట్టు నున్నవి. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టము ఆ పేరిట సమాచార హక్కు చట్టములోని ఎనిమిదవ సెక్షనును సవరించెను. పూర్వము ప్రజావ్యవహారముతో సంబంధములేని వ్యక్తిగత సంగతులకే మినహాయింపు. సవరణతో వ్యక్తిగత సమాచారమంతయు మినహాయింపు క్రిందికి వచ్చెను. ప్రజాప్రయోజనము మిన్నయైనచో వెల్లడింపవచ్చునను వేరొక నిబంధన మిగిలియున్నది గాని, దానిని తూచువాడు మరల అధికారియే. పౌరుని గుట్టు కాపాడవలెను. అధికారి చేత బయటపెట్టవలెను. ఈ రెంటిని ఒకే తెర వెనుక దాచుట తగదు.

కావున శ్రోతలు ఒక చిన్నపని చేయవలెను. మీ 1-బి, అడంగలు తీసి పాసుపుస్తకముతో సరిచూచుకొనుడు. తప్పున్నచో వ్రాతమూలకముగ అడుగుడు, రసీదు పుచ్చుకొనుడు. కవిలెకట్ట కాలములో మన తాతలు అడుగలేకపోయిరి. మనకు అడుగు హక్కున్నది. వాడని హక్కు అటకెక్కిన కవిలె వంటిది.