నరము, కండ, విద్యుత్తు

రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయవలసినదిగా గ్రంథాలయ కార్యవర్గము వారు నన్ను కోరిరి. ఓరుగల్లు సీమలో చరిత్ర యనగానే గణపతిదేవుడు, రుద్రమదేవి, వేయిస్తంభముల గుడి గుర్తునకు వచ్చును. వాటిని గూర్చి నాకంటె బాగుగా తెలిసినవారు మన ఊరిలోనే కలరు. నేను వేరొక చరిత్రను చెప్పదలచితిని. చేయి లేచుట, కాలు కదలుట, ఊపిరి ఆడుట ఎట్లు జరుగుచున్నవో తెలిసికొనుటకు మానవునకు రెండువందల యేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రలో భీమవరమున పుట్టిన తెలుగువాడొకడున్నాడు. మన పత్తిచేలును ఉన్నవి.

ముందుగా మాట తేల్చుకొనవలెను. మన వాడుకలో నరమునకు హద్దు లేదు. చేతిపై నీలముగా తేలిన రక్తనాళమును నరమే యందుము. మెడ పట్టినను నరము పట్టినదందుము. సుశ్రుతుడు ఈ విషయమున మనకంటె జాగ్రత్తపరుడు. పేశులు 500, స్నాయువులు 900, సిరలు 700 అని వేరువేరు పద్దులుగా వ్రాసెను. జన్మమంతయు పద్దులు వ్రాసినవాడనగుటచే ఆ పట్టిక నాకు మిక్కిలి ముచ్చట గొల్పును. అయితే కదలిక కంతటికిని వాతమే కారణమని చెప్పిరే గాని, దానిని పరీక్షించు సాధనము ఆ కాలమున లేదు. ఈ వ్యాసములో నరమనగా వెన్నుపామునుండి బయలుదేరి కండను చేరు తెల్లని తంతువు మాత్రమే యని పాఠకులు గ్రహింతురు గాక.

1791లో ఇటలీలోని బొలోన్యా నగరమున గాల్వానీ యను వైద్యాచార్యుడు ఒక గ్రంథము ప్రకటించెను. చచ్చిన కప్పకాలి నరమునకు లోహములు తగిలించినపుడు కాలు తన్నుకొనెననియు, జంతుదేహమున విద్యుత్తు కలదనియు అతని వాదము. వోల్టా యను మరియొక పండితుడు దానిని ఖండించి, విద్యుత్తు లోహములది గాని కప్పది కాదనెను. ఆ పట్టుదలతోనే 1800లో మొదటి బ్యాటరీని నిర్మించెను. వాదములలో ఒకరు గెలిచి యొకరు ఓడుట సామాన్యము. ఇచ్చట ఇద్దరును గెలిచిరి. లోహముల మాట వోల్టా చెప్పినట్లే నిజము. లోహమే తగులకుండ నరమును కండకు తాకించినను కాలు కదలునని గాల్వానీయు చూపెను.

తరువాతి పండితులు తేల్చినదేమనగా, కండలోని ప్రతి పోగును ఒక చిన్న బ్యాటరీ. విశ్రాంతిగా ఉన్నపుడు దాని లోపలి భాగము వెలుపలి కంటె వోల్టులో వేయింట 80 లేక 90 వంతులు తక్కువగా నుండును. టార్చిలైటు సెల్లులో ఒకటిన్నర వోల్టు కలదు గదా, అందులో సుమారు పదునేడవ వంతో పందొమ్మిదవ వంతో అన్నమాట. స్వల్పమే గాని ఆ నిలువ ఉన్నంతవరకే కండ నరము మాట వినును. నరము కబురు రాగానే ఆ భేదము క్షణకాలము తారుమారై, అది పోగు పొడవునను ప్రాకి, కండ ముడుచుకొనును.

ఆ నిలువను కాపాడునదేది? పోగుపొరలోని ఒక పంపు. అది మూడు సోడియము కణములను వెలికి తోడి, రెండు పొటాసియము కణములను లోనికి తెచ్చును. 1957లో డెన్మార్కు దేశస్థుడు స్కౌ పీతకాలి నరములలో దీని జాడ కనుగొని, నలుబది యేండ్లకు 1997లో నోబెల్ బహుమానము పొందెను. ఆ పంపునకు ఇంధనము ఏ.టి.పి. యను పదార్థము. దానిని 1929లో కండనుండి వేరుచేసి చూపినవారిలో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాలో హార్వర్డు చేరి, ఫిస్కేతో కూడి పనిచేసెను. అంతకు ముందు 1927లోనే వారిద్దరును కండలో క్రియాటిన్ ఫాస్ఫేటును కనుగొనిరి. కండ పనిచేసి అలసినపుడు అది తరుగును, విశ్రాంతిలో మరల పెరుగును. అదే కాలమున జర్మనీలో లోమన్ సైతము ఏ.టి.పి.ని కనుగొనెను, కావున కీర్తి పంచుకొనవలసినదే. పంచుకొన్నను మనవాని వాటా చిన్నది కాదు. 1948లో ఆయన మరణించునాటికి తెలుగుదేశమున ఆయన పేరెరిగినవారు కొలదిమందియే.

నరమునకు కండకు నడుమ ఒక సన్నని సందు కలదు. విద్యుత్తు ఆ సందును దాటజాలదు. నరము కొనయందు అసిటైల్ కోలీన్ అను రసాయనము వెలువడి, సందు దాటి, పోగును తాకును. ఇంగ్లండులో డేల్, అతని సహచరులు 1936లో దీనిని స్థాపించిరి. తాకిన మరుక్షణమే ఒక ఎంజైము ఆ రసాయనమును విరిచివేయును. పిలుపు ఎంత ముఖ్యమో, పిలుపు ఆగుటయు అంత ముఖ్యము. ఈ మాటను పాఠకులు మనసునందుంచుకొందురు గాక. మన జిల్లా కథ దీనిపైననే నిలిచియున్నది.

పిలుపు అసలు రాకున్న ఏమగును? నరము తెగినచో కండ కదలదు, అంతియే యని చాలకాలము తలచిరి. అది నిజములో సగమే. కొలది దినములలో పోగు లోపలి విద్యుత్ నిలువ పడిపోవును. 80 ఉన్నది 60కి దిగును. సందునొద్దనే ఉండవలసిన గ్రాహకములు పోగంతట మొలుచునని 1959లో స్వీడనులో ఆక్సెల్సన్, థెస్లెఫ్ చేసిన పరీక్షల వలన తేలినది. ఎవరును పిలువకయే పోగులు తమంత తాము అదరును. యజమాని పోయిన ఇంట తలుపులన్నియు తెరిచి, అలికిడి కెల్ల ఉలిక్కిపడినట్లుండును. 1960లో ఎకిల్స్ బృందము పిల్లిపై మరియొక వింత చూపెను. వేగముగ ముడుచుకొను కండకు మెల్లని కండ నరమును కుట్టగా అది మెల్లబడెను. 1972లో లోమో, రోసెంథాల్ నరము పనిచేయని కండకు నేరుగా విద్యుత్ స్పందనము లిచ్చుచుండగా పై మార్పులు చాలవరకు ఆగెను. అనగా నరము దూత మాత్రమే కాదు, పోషకుడును. ఆ పోషణలో అధికభాగము ఎడతెగని పిలుపే.

పోలియో వలన సన్నగిల్లిన కాళ్లను మన తరము వారందరు చూచినవారే. ఆ వ్యాధిలో చచ్చునది కండ కాదు, వెన్నుపాములోని నరకణము. 2011 జనవరి తరువాత భారతదేశమున సహజమైన పోలియో కనబడలేదు. కుష్ఠులో వ్రేళ్లు వంకరపోవుటకును నరము చెడుటయే కారణము. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ దొరసాని స్థాపించిన వైద్యశాలకు రాజా నర్సాగౌడు ధనమిచ్చి ఆదుకొనెను. ఇప్పటి మందులు నరము చావకముందు వాడినచో చేయి నిలుచును. పిదప వ్యాధి కుదిరినను చేయి నిలువదు.

ఇక పిలుపు ఆగకున్న ఏమగును? 1930ల నాటి జర్మనీలో ష్రాడర్ పురుగుమందులకై వెదకుచు ఆర్గానో ఫాస్ఫరస్ విషములను తయారుచేసెను. వానిలో కొన్ని యుద్ధవిషములైనవి, కొన్ని పొలములకు వచ్చినవి. అవి పైన చెప్పిన ఎంజైమును కట్టివేయును. పురుగునకు ఏ ఎంజైము ఉన్నదో మనిషికి అదియే. అసిటైల్ కోలీన్ విరుగక పేరుకొని, పోగు మరల తన నిలువకు రాజాలదు; మొదట కండలు అదరును, పిదప చచ్చుబడును. ఊపిరి కండరములును కండరములే గదా.

1997-98లో ఉమ్మడి వరంగల్లు జిల్లాలో పత్తికి పొగాకు లద్దెపురుగు పట్టి, అప్పులు పేరుకొని, ఎందరు రైతులు పోయిరో మన మెరుగుదుము. 1997 మొదలు 2002 వరకు వరంగల్లు ప్రభుత్వాసుపత్రిలో పురుగుమందు విషముతో చేరినవారు 8040 మంది యనియు, నూటికి 22.6 మంది మరణించిరనియు 2005లో ప్రకటితమైన వైద్యపరిశోధన చెప్పుచున్నది. 2002లో చేరినవారిలో మూడింట రెండువంతుల మంది ముప్పదియేండ్ల లోపువారు. పొరపాటున విషము సోకినవారు అందు బహుస్వల్పము. తక్కినవారి దుఃఖమును నేనిచట విప్పలేను. అధిక మరణములకు కారణమైన మందులు రెండు, మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. మొదటిది మన కథలోనిది. రెండవది వేరు జాతిది, మెదడును పట్టును. 2011లో సుప్రీంకోర్టు దానిని నిలిపివేసెను.

అట్రోపిన్ సూది పడగానే చొంగ, చెమట తగ్గి, రోగి తేరుకొన్నట్లు కన్పించును. బంధువులు ఇంటికి తీసికొనిపోవుదుమందురు. కాని అట్రోపిన్ గ్రంథులను, గుండెను కాపాడునే గాని నరము కండను కలియు సందును కాపాడదు. శ్రీలంక వైద్యులు 1987లో వ్రాసినట్లు, విషము సోకిన ఒకటి మొదలు నాలుగు దినముల నడుమ, తేరుకొన్న రోగికే మెడ ఎత్తుట కష్టమై, ఊపిరి కండరములు నిలిచిపోవచ్చును. అపుడు శ్వాసయంత్రమే దిక్కు. దేహము కొత్త ఎంజైమును తయారుచేసికొని, సందు శుభ్రపడి, పోగులు తమ నిలువను మరల కూడబెట్టుకొనువరకు ఆ యంత్రము ఊపిరి నడుపవలెను. కొందరికి కొలది దినములు, కొందరికి వారములు పట్టును.