నీరు వచ్చు దారి, నీరు పోవు దారి



తైత్తిరీయ శాఖను అధ్యయనము చేసినవారిలో అరుణప్రశ్న నెరుగనివారు లేరు. ఆదివారములందు సూర్యనమస్కారములతో దానిని పఠించు ఆచారము మన ప్రాంతమున నేటికిని ఉన్నది. సూర్యుని పేర ప్రసిద్ధమైనను, అది నీటిని గూర్చిన ప్రశ్న కూడ. దాని తుదిభాగమున ఆరుణకేతుక వ్రతము చేసినవానికి కొన్ని నియమములు చెప్పబడినవి. నీటిలో మలమూత్రములు విడువరాదు, ఉమ్మి వేయరాదు, వివస్త్రుడై స్నానము చేయరాదు, తామరాకులను త్రొక్కరాదు, తాబేలును, నీట పుట్టిన ప్రాణిని తినరాదు. ఈ కడపటి మాట వ్రతికి చెప్పినదే గాని గంగపుత్రుల జీవనమును నిందించుటకు కాదు. ఇన్ని చెప్పి, ఇట్లు మెలగువానిని నీళ్లు చంపవు అని ఫలము చెప్పినది శ్రుతి. ఇక్కడ స్వర్గము పేరు లేదు, ధనధాన్యముల పేరు లేదు. నదికిని సముద్రమునకును నడుమ కాపురమున్న మనకు ఇంతకంటె పెద్ద ఫలము మరేమి కావలెను?

ఎందుకనగా, తెనాలి, రేపల్లె, బాపట్ల సీమ నేడున్న రూపమున దైవము మనకిచ్చినది కాదు. మట్టిని కృష్ణవేణి తెచ్చిపోసినది, పచ్చదనమును మనుష్యుడు చేసికొన్నాడు. 1832-33లో వచ్చిన నందన కరవులో గుంటూరు సీమలో 5 లక్షల జనమునకు 2 లక్షల మంది నశించిరని నాటి లెక్కలు. పక్కన నది పారుచుండగనే మనుష్యులు ఆకటితో చచ్చిరి. అటుపిమ్మట కాటన్ దొర ప్రోద్బలమున, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో, 1852లో మొదలుపెట్టి 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట కట్టిరి. దుగ్గిరాల మీదుగా కాలువలు చీలినవి. తెనాలి పట్టణము నడుమనే మూడు కాలువలు పారుచున్నవి. కొమ్మమూరు కాలువ పెదగంజాము వరకు పోయి బకింగ్‌హాం కాలువతో కలియుటచేత మన ధాన్యము పడవలపై చెన్నపట్టణము చేరినది. 1952లో ఆనకట్టకు గండిపడగా, 1954-57 నడుమ ప్రకాశం బ్యారేజీ లేచినది. బావులు, చెరువులు, కాలువలు త్రవ్వించుటను మన ధర్మశాస్త్రములు పూర్తమన్నవి. త్రవ్వించినవాడు ఏ దేశమువాడైనను పూర్తము పూర్తమే.

అయితే ఆ పూర్తము సగమే జరిగినది. నీరు వచ్చు దారి వేసిరి, పోవు దారిని అంత శ్రద్ధగా చూడలేదు. మన నేల పల్లపు నేల. సముద్రము వైపు వాలు బహు స్వల్పము. చేనిలో మిగిలిన నీరు నల్లమడ, తుంగభద్ర, రేపల్లె మురుగుకాలువల వంటివాటి గుండ పోవలసినదే. అవి పూడినచో నిలిచిన నీరు వరి వేళ్లను కుళ్లించును, అడుగున ఉన్న ఉప్పును పైకి తెచ్చును. మిత్రా సంఘము వచ్చి డెల్టా మురుగును పరిశీలించినదియు, దానికొరకు ప్రత్యేక పన్ను విధించు చట్టము 1968లో వచ్చినదియు తలచుకొనుడు. ఆనకట్ట పూర్తియై అప్పటికి 113 ఏండ్లు! శరీరమునకు ప్రాణమెంతో అపానమంత అని వైద్యుడు మొదటి దినముననే చెప్పును.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినది. దివిసీమ తుడిచిపెట్టుకొనిపోయినది, మన రేపల్లె, బాపట్ల తీరమును ఏడ్చినది. సుమారు 10 వేల మంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. వారు నీటికి అపచారము చేసి చచ్చిరని ఎవడైనను అన్నచో వాడు శ్రుతిని చదువలేదు, చదివినను తెలియలేదు. చచ్చినవారు పేదలు, పూరిపాకలవారు. నియమమును తప్పునది ఒకరు, నీళ్లు చంపునది మరియొకరిని. అందుచేతనే నియమము అందరికిని కావలసివచ్చుచున్నది.

ఉప్పెన వేగమును విరుచునది మడ అడవి. నిజాంపట్నము నుండి కృష్ణా సంగమము వరకు ఉప్పుటేరుల వెంట పెరుగు అడవి అది. 1989లో ఆ అడవిని కొంత కృష్ణా అభయారణ్యముగ ప్రకటించిరి. తరువాతి దశాబ్దమున రొయ్యల చెరువులు వచ్చినవి. కొందరికి బంగారము పండినది. పక్క పొలములోనికి, మంచినీటి బావిలోనికి ఉప్పు దిగినది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, పోటురేఖకు 500 మీటర్ల లోపల అట్టి చెరువులను తొలగింపుడని తీర్పు చెప్పినది. 2005లో చట్టము చేసి అనుమతుల పద్ధతి పెట్టిరి. తీర్పు నిషేధించినదానిని చట్టము మరల లోపలికి రానిచ్చినదని నా అభిప్రాయము. ఇక నరికినచోట మడ తిరిగి మొలవకపోవుటకు కారణము చిత్రమైనది. పల్లమున నిలిచిన సముద్రజలము ఎండకు చిక్కబడి, మడచెట్టు కూడ ఓర్వలేనంత ఉప్పు అగును. స్వామినాథన్ సంస్థవారును అటవీశాఖవారును చేపముల్లు వలె పిల్లకాలువలు తీసి, పోటునీరు వచ్చి పోవు దారి కల్పించి మొక్కలు నాటిరి. ఇక్కడను అదే మాట, నీరు పోవు దారి!

మనవారికి ఈ తెలివి లేకపోలేదు. బాపట్ల ఇసుక నేలలలో దొరువులను చూడుడు. వాననీరు ఇసుకలో ఇంకి, అడుగున నున్న ఉప్పునీటిపై తేలి ఉండును. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. రైతు లోతుగ బావి త్రవ్వడు. వాలుగా చిన్న గుంట తీసి, మెట్లవలె దిగి, కుండతో పైనీటిని ముంచి నారుమడికి పోయును. ముంచినంత మేర ఊరువరకు ఆగును. ఆశపడి లోతు త్రవ్వినను, యంత్రము పెట్టి లాగినను ఉప్పు పైకి ఎగయును. ఆ దొరువు చెడును. బాపట్ల పరిశోధన కేంద్రమువారు దీనినే గ్రహించి, ఇసుక క్రింద అడ్డముగ చిల్లుల గొట్టములు పరచి, పైపొర నీరు మాత్రమే నూతిలోనికి చేరునట్లు మెరుగుపరచిరి. పండితులు వ్రాసిన ఏ నీతిగ్రంథమునకును ఆ కుండ తీసిపోదు.

2013లో పులిచింతల నిలిచినది. 2015 నుండి పట్టిసీమ ద్వారమున గోదావరి నీరు కృష్ణలో కలియుచున్నది. కృష్ణాకావేరుల నడుమ దేశమున ఉన్నామని సంకల్పము చెప్పుకొని, కొన్ని మాసములు గోదావరితో ఆచమనము చేయుచున్నాము! నీటికి కొరత ఒక ఏడు, ముంపు మరియొక ఏడు. 2009 అక్టోబరులో కరకట్ట తెగి రేపల్లె మునిగినది. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి లంకలు మునిగినవి.

దేవస్థానములకు సంబంధించిన సంగతి ఒకటి. నిర్మాల్యమును నీట విడుచుట ఆచారమే. ప్లాస్టిక్ సంచితో విడుచుట ఏ ఆగమమునను లేదు. చెట్టు మొదట వేసినను దోషము లేదు. పోలి పాడ్యమి నాడు అరటిదొప్పలో దీపము వదలుదురు. దొప్ప నీటిలో కుళ్లి చేపల పాలగును. ఈ మధ్య అంగళ్లలో థర్మోకోల్ దొప్పలు అమ్ముచున్నారు. అవి కుళ్లవు, మునుగవు. తూముల వద్ద చేరి నీటిని ఆపును. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు తెనాలి వంతెనపై నిలిచి క్రిందికి చూచినచో, మన కార్తికము ఇంకను అక్కడనే కనబడును.